శ్యాంసుందర్ హస్తవాసి

శ్యాంసుందర్ డాక్టర్ కాడు. ఈ సంగతి గుజరాతీల మధ్య గోడాదరాలో బతికే మా తెలుగువాళ్లందరికీ తెలుసు. తెలిసే వెళ్తారు.

ఒకప్పుడు అతను ఎవరో గుజరాతీ డాక్టరు దగ్గర సూదులు అందించి, కట్లు కట్టేవాడు. ఆ డాక్టరు కాలం చేశాక అదే వీధిలో ఒక షట్టరు అద్దెకు తీసుకుని, బల్ల వేసుకుని, మెడలో స్టెతస్కోపు తగిలించుకున్నాడు. గుండె ఏ పక్కన ఉంటుందో అతనికి తెలుసని ఒప్పుకుంటాను. అంతకుమించి ఒప్పుకోను. మగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. ఆ ఖాతాల్లో జీవితమంతా పనిచేసి, సేఠ్‌ని గుజరాతీలో మొహం మీదే తిట్టగలిగిన మొనగాళ్లు కూడా ఒంట్లో నలతగా ఉంటే చాలు, "మన భాషల చెప్పుకోవాలె" అంటూ ఇతని బల్ల ముందే చేరతారు. తిట్టడానికి వచ్చిన గుజరాతీ దగ్గు గురించి చెప్పడానికి రాదట!

ఇతను మా ఆడబిడ్డ నీరజకు మొగుడు. నా భర్త పరుశురాంకి బావ. నాకు వరసకు అన్న. మా అత్త నర్సవ్వకైతే ఏకంగా దేవుడు.

ఆ వానాకాలం అతను రెండు పనులు పెట్టుకున్నాడు. ఇక్కడి మన తెలుగువాళ్ల సమాజానికి ఎన్నికల్లో గెలిచి అధ్యక్షుడు కావడం ఒకటి. గల్లీలో దగ్గే ప్రతి పిల్లకూ తీపి మందు పోయడం రెండోది. నిజానికి రెండూ ఒకటే పని.

ఆషాఢంలో ఖాడీ పొంగింది. నల్లటి కాలవ నీళ్లు గల్లీలోకి వచ్చి, మా మెట్ల మీద ఒక పూట కూర్చుని, బురదనీ అద్దకం కంపునీ వదిలి వెళ్లాయి. ఆ వెంటనే పిల్లలందరికీ దగ్గు పట్టుకుంది. మా హారతికి అప్పటికి అయిదేళ్లు నిండలేదు. ముక్కు కారుతూనే ఆడేది, దగ్గుతూనే తినేది. నాలుగు రోజులు ఊరుకుంటే దానంతటదే పోయే దగ్గు.

ఊరుకోవడం మా అత్తకు చేతకాదు.

"డాక్టర్ అల్లుడుండంగ ఇంట్ల పోరి దగ్గుడేందే? ఓట్లేసేటోళ్లు ఏమనుకుంటరు?"

పిల్ల దగ్గు అల్లుడి పరువుకు వచ్చిన దగ్గు అయింది. సాయంత్రానికి శ్యాంసుందర్ స్కూటర్ మీద స్వయంగా దిగాడు. హారతి వీపు మీద స్టెతస్కోపు పెట్టాడు. ఫోన్ మోగితే అది అక్కడే ఉంచి, "హా భాయ్, మీ గల్లీ ఓట్లన్నీ మనకే గద" అని మాట్లాడాడు. తర్వాత సంచిలోంచి సీసా తీశాడు.

"ఏం గాదు చెల్లే. ఫుల్ కోర్స్ పొయ్యి. ఛాతీ ఏక్‌దమ్ సాఫ్."

సీసాలో పొడి. కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి గిలక్కొడితే తెల్లటి మందవుతుంది. నారింజ వాసన. హారతి చెంచా నాకి, "ఇంకొంచెం" అంది. మా అత్త మురిసిపోయింది.

"సూసినవా? చెయ్యి మంచిది మా అల్లునిది."

అది చెయ్యి కాదు, చక్కెర. కానీ ఆ ఇంట్లో నా మాట ఎవరు వింటారు?

దగ్గు పోయింది. సీసా అయిపోయింది. అదొక సంగతిగా కూడా ఎవరికీ గుర్తులేదు.

తర్వాత కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం నేను కిటికీ దగ్గర కూర్చుని చీరలకు వేలాడే పోగులు కత్తిరిస్తున్నాను. ఆ రోజు వచ్చినవన్నీ తెల్ల జార్జెట్లు. ఆడి ఆడి అలసిన హారతి వచ్చి ఆ చీరల కట్ట మీద తల పెట్టుకుని పడుకుంది. పోగు కోసం వంగినదాన్ని ఆగిపోయాను. ఆ తెలుపు పక్కన పిల్ల కళ్లు పసుపు రాసినట్టున్నాయి.

కామెర్లు.

గల్లీ మొత్తం ఒకే తీర్పు చెప్పింది. ఖాడీ నీళ్లు. శ్యాంసుందర్ గడప బయటే నిలబడి అవునన్నాడు. ఈసారి లోపలికి రాలేదు. కామెర్లొచ్చిన పిల్ల పక్కన కనబడితే ఎన్నికలకు మంచిది కాదనుకున్నాడేమో.

"దీనికి ఇంగ్లీష్ మందు లేదు బామ్మర్దీ. మన పసరే కరెక్ట్. బార్డోలీల వెంకటయ్య తాత దగ్గరికి తోల్కపో."

వెంకటయ్య మన వైపు నుంచే ఎప్పుడో చక్కెర మిల్లు పనికి వచ్చినవాడు. ఇప్పుడు మిల్లు పని మానేసి కామెర్లను నమ్ముకున్నాడు. సర్కారు బస్సులో, వానలో తడిసిన చెరకు తోటల మధ్య నుంచి బార్డోలీ వెళ్లాం. అతని వాకిట్లో అప్పటికే పిల్లల వరస ఉంది. హారతి చేత పరగడుపున మజ్జిగలో ఆకు పసరు తాగించాడు. అరచేతులకు ఏదో చెక్క రసం రాసి, సున్నపు నీళ్ల గిన్నెలో ముంచాడు. నీళ్లు పచ్చబడ్డాయి.

"సూడుండ్రి! ఇసం ఎట్ల దిగుతుందో!"

పరుశురాం రెండు చేతులూ జోడించాడు. నేను నా అరచేతులు చాపాను.

"నాకూ రాయి తాతా."

రాశాడు. ముంచాను. నీళ్లు అంతే పచ్చగా అయ్యాయి.

"నాకు కామెర్లు లేవు గదా తాతా?"

వెంకటయ్య రెప్ప కూడా వెయ్యలేదు. "నీకూ ఉన్నది బిడ్డా. తల్లిది బిడ్డకు దిగుతది. నువ్వు గూడ తాగు."

తాగలేదు. తిరుగు బస్సులో పరుశురాం పిల్లను తీసుకుని వేరే సీట్లో కూర్చున్నాడు.

వెంకటయ్య పెట్టిన పథ్యం పెద్దది. ఉప్పు, కారం, నూనె, పసుపు బంద్. అన్నిటికన్నా ముఖ్యమైనది చివర్లో వేలు చూపించి మరీ చెప్పాడు: "ఇంగిలీషు మందు ఒక్క చుక్క తాకినా నా పసరు ఇరుగుతది. జరమొచ్చినా, దగ్గొచ్చినా, ఏదీ పొయ్యొద్దు."

పొయ్యలేదు. హారతి కళ్లు నెమ్మదిగా తెల్లబడ్డాయి. ఇంట్లో వెంకటయ్య పేరు మంత్రమైంది. శ్యాంసుందర్ మళ్లీ గడప దాటి లోపలికి వచ్చాడు. "పంపింది ఎవలు? నేనే గద!" అని వచ్చిన వాళ్లందరికీ చెప్పాడు. పథ్యం విడిచిన రోజు మా అత్త కోడి కోయించి, సగం కూర అల్లుడి ఇంటికి పంపింది.

శ్రావణంలో మళ్లీ వాన, మళ్లీ దగ్గు. శ్యాంసుందర్ ఇల్లిల్లూ తిరిగి ఓట్లు అడుగుతున్నాడు. మా గల్లీలో ప్రతి ఇంటికీ ఒక నమస్కారం, ఒక సీసా. మాకూ ఒకటి. పథ్యం అయిపోయింది కదా, ఇంక అడ్డేముంది? మా అత్త పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మర్చిపోకుండా పోసింది.

ఈసారి సీసా అయిపోయేదాకా కూడా ఆగలేదు. సగంలోనే కళ్లు పచ్చబడ్డాయి. దాంతో పాటు దురద వచ్చింది.

ఆ దురద సంగతి చెప్పాలి. దద్దురు లేదు, పొక్కు లేదు. చర్మం లోపలెక్కడో పుడుతుంది. హారతి మొదట అరచేతులు గోక్కుంది. తర్వాత కాళ్లు. తర్వాత తలుపు చెక్కకు వీపు ఆనించి, పశువులా పైకీ కిందికీ రుద్దుకోవడం మొదలుపెట్టింది. ఏడవదు. ఆడదు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయి గోక్కుంటుంది. గోళ్లు కత్తిరించాను. దువ్వెన తీసుకుంది. దువ్వెన దాచాను. గోడ ఉంది కదా. దాని కాళ్ల మీద నెత్తుటి గీతలు చూసి పక్కింటి విజయశ్రీ తన పిల్లల్ని మా ఇంటివైపు రానివ్వడం మానేసింది.

శ్యాంసుందర్ చూసి వెంటనే తేల్చేశాడు. "పసరు లివర్‌ని కాల్చింది. గసుంటి మొరటు మందులు నేనెన్నడూ ఒప్పుకోను."

పంపింది తనేనన్న సంగతి ఆ నోటికి అప్పుడు గుర్తు లేదు. వెంకటయ్యకు ఫోన్ చేస్తే ఆయన అటు నుంచి కసిరాడు. "పథ్యం ఇరిగింది. కోడి ఎవలు తినుమన్నరు?"

ఒకడు పసరు అంటాడు. ఒకడు కోడి అంటాడు. ఇద్దరికీ చేతులు శుభ్రం. మధ్యలో నా బిడ్డ గోడకు రాసుకుంటోంది.

సర్కారు పెద్దాసుపత్రికి వెళ్దామని నేను పట్టుబట్టాను. పరుశురాం వచ్చాడు. మా అత్త కూడా వచ్చింది, నా నోటికి కాపలాగా. మా గల్లీ ఆడవాళ్లకు ఆ ఆసుపత్రి గురించి ఒక నియమం ఉంది. ఎప్పుడో ఒక డాక్టరు, పసరు పోసిందని ఒకామెను వరస మొత్తం వినేలా తిట్టాడట. అప్పట్నుంచి వరసలో ఉన్నవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లకు నేర్పుతారు. ఏం మందిచ్చిన్రు అని అడిగితే ఏమీ ఇయ్యలే అనాలె. ఏమిచ్చినా సరే, ఇయ్యలే. పూర్తి పాఠం అంతే.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. హిందీలో అడిగింది. హారతి కనురెప్పలు తిప్పి, పొట్ట నొక్కి చూసింది.

"ఈ మధ్య ఏమైనా మందులు ఇచ్చారా? నాటు మందు? యాంటీబయాటిక్?"

"కుఛ్ నహీ," అంది మా అత్త, పాఠం అప్పజెప్పినట్టు.

"దగ్గుకు ఒక మందు పోశాం," అన్నాను నేను.

"దుకాణంల దొరికేది మేడం," పరుశురాం అందుకున్నాడు. "అందరు వాడేదే. మామూలు సిరప్."

"పేరు?"

"యాద్ నహీ."

యాద్ లేదట! చిన్నప్పటి నుంచి బావ కొన్న ప్రతి బండి నంబరూ యాదున్న మనిషికి, పొద్దునా సాయంత్రం తన తల్లి చేతిలో చూసిన సీసా పేరు యాద్ లేదు. నాకు గుజరాతీ అక్షరాలు రావు, ఇంగ్లీష్ అంతంత మాత్రం. సీసా ఇంట్లో ఉంది. నేను నోరు తెరిచేలోపే మా అత్త నా మోచేతిని గిల్లింది. డాక్టరమ్మ నెత్తురు తీయించి, స్కాన్ రాసి, తర్వాతి పేరు పిలిచింది.

రిపోర్టులు వచ్చిన రోజున ఆమె మమ్మల్ని కూర్చోమంది.

"వైరస్ లేదు. నీళ్ల వల్ల వచ్చే కామెర్లు కావివి. రాళ్లూ లేవు. లివర్ తయారుచేసే పైత్యరసం పేగుల్లోకి పోవడానికి లోపల సన్నటి గొట్టాలుంటాయి. వాటిని ఏదో దెబ్బతీసింది. ఆ రసం వెనక్కి తిరిగి నెత్తుట్లోకి పోతోంది. ఆ దురద దానిదే. చాలాసార్లు ఇట్లాంటి పని మందులు చేస్తాయి. మీరు నాకు చెప్పనిది ఏమైనా ఉందా?"

"లేదు మేడం," అన్నాడు పరుశురాం.

"అయితే సూదితో లివర్ ముక్క తీసి చూడాలి. పిల్లను చేర్చండి. ఆలస్యం చెయ్యకండి. ఆ గొట్టాలు పూర్తిగా పోతే తిరిగి రావు."

బయటికి వచ్చాక మా అత్త మెట్ల మీదే కూలబడింది. "కడుపుల సూది గుచ్చి ముక్క దీస్తరట! వద్దు కొడుకా. అల్లుడున్నడు. అల్లునికే చూపిద్దాం."

అల్లుడు వచ్చాడు. సూది మాట వినగానే నవ్వాడు. "సర్కారోళ్లు గట్లనే భయపెడ్తరు. ఇన్ఫెక్షన్ లోపల్కి పోయింది, గంతే. ఈసారి పవర్ పెంచి ఇస్త. రేపు గణపతి మంటపం కాడ నా ఫ్రీ క్యాంప్ ఉంది గద, అక్కడ్కే తీస్కరాండ్రి."

సంచిలోంచి అదే రంగు సీసా తీసి గూట్లో పెట్టాడు. మా అత్త మొహం వెలిగిపోయింది. "అందరి ముంగట నీ చెయ్యితోనే మొదటి చెంచా పొయ్యి అల్లుడా. జనం సూడాలె."

అప్పుడే నాకు అర్థమైంది. ఇంత సులువు లెక్క మా ముగ్గురికీ ఎందుకు తట్టలేదో ఇప్పటికీ ఆశ్చర్యమే. సీసా పోశాం, కళ్లు పచ్చబడ్డాయి. సీసా లేనన్నాళ్లూ తెల్లబడ్డాయి. మళ్లీ పోశాం, మళ్లీ పచ్చబడ్డాయి. బార్డోలీ మోసగాడు చేసిన మంచి పని ఒక్కటే. గోడాదరా మోసగాడి సీసా ముట్టుకోవద్దన్నాడు.

శ్యాంసుందర్ వెళ్లాక పరుశురాంతో అన్నాను.

"సీసా పోసినప్పుడే అయితుంది ఇది. ఆపితే తగ్గుతుంది. నువ్వే యాద్ చేసుకో."

"తగ్గింది పసరుతోని."

"పసరు చేసింది ఏందంటే, మీ బావ సీసా బంద్ పెట్టించింది."

పరుశురాం మొహం గట్టిపడింది. "సూడు సంధ్యా. ఎలక్షన్ ముంగటున్నది. గీ మాట గడప దాటిందనుకో, అక్క మొహం మళ్ల నేను సూడలేను. నీకు మా వాళ్లంటే మొదటి సంది చిన్నచూపే."

చిన్నచూపే. ఒప్పుకున్నాను. అయినా సీసా గూట్లో నుంచి కదలలేదు.

ఆ సాయంత్రం నీరజ వదినె వచ్చింది, కొడుకు రాంప్రసాద్‌ని వెంటేసుకుని. వాడికి ఏడేళ్లు. ఖంగు ఖంగున దగ్గుతున్నాడు. వదినె మంచి మనిషి. మంచితనం తప్ప ఇంకేదీ పట్టనంత మంచి మనిషి. హారతిని ఒళ్లో పడుకోబెట్టుకుని కొబ్బరినూనె రాసింది.

"వీనికేం పోస్తున్నవ్ వదినె?" అన్నాను మామూలుగా.

"తులసాకు కషాయం. రేపటికి తగ్గకుంటే పర్వత్ పాటియా కాడ ఉండే పిల్లల డాక్టర్ దగ్గరికి తోల్కపోతం. పెద్ద చదువు డాక్టర్."

"అన్న ఇంట్లనే ఉండంగ?"

"అయ్యో, మీ అన్న చెయ్యి సొంతోళ్లకు పనిచెయ్యదట సంధ్యా. పసరు పోసేటోళ్లకు గూడ గట్లనే ఉంటది గద, సొంత నెత్తురు మీద మందు పారదు. వీడు పుట్టిన కాంచి ఒక్క చుక్క పొయ్యలే ఆయన." ఆమె గొంతులో గర్వం. "అంత నియమం ఆయనది."

నేను పొయ్యి మీది టీ దించాను. కప్పుల్లో పోశాను. ఒక్క బొట్టు కూడా ఒలకలేదు.

తన సీసా పిల్లల లివర్‌ని ఏం చెయ్యగలదో శ్యాంసుందర్‌కు తెలియదు. అంత తెలివి అతనికి లేదు. తాను డాక్టర్ కాదన్న సంగతి మాత్రం అతనికి బాగా తెలుసు. మా అందరికన్నా బాగా.

మర్నాడు మగ్గాలకు సెలవు. గణపతి మంటపం దగ్గర జనం నిండిపోయారు. గణపతి కన్నా పెద్దగా శ్యాంసుందర్ ఫ్లెక్సీ, కింద పెద్ద అక్షరాల్లో 'డాక్టర్'. బల్ల మీద సీసాలు బారులు తీరి ఉన్నాయి. దిగిపోతున్న అధ్యక్షుడు ఆగయ్య మైకు పట్టుకుని, ఇటువంటి సేవాగుణం తన జన్మలో చూడలేదని చెప్తున్నాడు. ఆయన జన్మలో చూసినది తక్కువే.

మా అత్త హారతిని ఎత్తుకుని ముందుకు తోసుకెళ్లింది. వెనక నేను, సీసా నా చేతిలో. పరుశురాం కుర్చీలు సర్దుతున్నాడు. బావ వైపు చూసినప్పుడల్లా అతని నడుం కొంచెం వంగుతోంది.

"గీ పోరికి కామెర్లు," శ్యాంసుందర్ జనానికి చూపించాడు. "సర్కార్ దవాఖానల కడుపు కోస్తమన్నరు. నా మందుతోని వారంల ఉరుకుతది. సూస్తుండుండ్రి."

చప్పట్లు. నేను నవ్వుతూ సీసా మూత తీశాను.

"అన్నా, మొదటి చెంచా మన రాంప్రసాద్‌కు పొయ్యరాదు? పాపం, దగ్గుతుండు. సొంత కొడుక్కే పోసినవంటే జనానికి ఇంకింత నమ్మకం."

"అద్గదీ మాట!" ఆగయ్య మైకులోనే అన్నాడు. "పొయ్యుండ్రి డాక్టర్ సాబ్!"

జనం అందుకున్నారు. శ్యాంసుందర్ నవ్వు చెదరలేదు.

"సొంతోళ్లకు నా చెయ్యి పనిచెయ్యదు చెల్లే. అందర్కి ఎర్కే గద."

"నీ చెయ్యి ఎందుకన్నా? నాది సొంత చెయ్యి కాదు గద. నేను పోస్త."

చెంచా నింపాను. తీపి మందు గురించి మిగతా పిల్లలు చెప్పే ఉంటారు. రాంప్రసాద్ ఎగిరొచ్చి నోరు తెరిచి నిలబడ్డాడు. పిట్ట పిల్లలా. చెంచా వాడి పెదాల దాకా వెళ్లింది.

శ్యాంసుందర్ చెయ్యి ఎప్పుడు లేచిందో నేను చూడలేదు. చెంచా ఎగిరి మంటపం కర్రకు తగిలి కింద పడింది. రాంప్రసాద్ బిత్తరపోయి తండ్రిని చూశాడు.

"వాడు... పొద్దుగాల సంది ఏం తినలే," అన్నాడు శ్యాంసుందర్. "ఖాళీ కడుపుతోని పొయ్యద్దు."

"కరెక్టే, ఖాళీ కడుపుతోని వద్దు," ఆగయ్య మైకులో ఖాయం చేశాడు. జనం తలలూపారు. వరస మళ్లీ కదిలింది. తల్లులు పిల్లల్ని ఎత్తుకుని ముందుకు జరిగారు. ఏ తల్లీ వెనక్కి తగ్గలేదు. వాళ్లలో ఒకామె కింద పడిన చెంచా తీసి, చెంగుతో తుడిచి, బల్ల మీద పెట్టింది.

పరుశురాం మాత్రం చేతిలో ఉన్న కుర్చీని అట్లాగే పట్టుకుని నిలబడి ఉన్నాడు. తర్వాత దాన్ని కింద పెట్టాడు. వచ్చి వాళ్లమ్మ చేతుల్లోంచి హారతిని తీసుకున్నాడు.

"ఏంది కొడుకా? మందు పొయ్యంగ..."

"పిల్ల గూడ ఏం తినలేదమ్మా," అన్నాడు.

పిల్లను భుజాన వేసుకుని ఇంటిదారి పట్టాడు. మా మలుపు దగ్గర సీసా వైపు చెయ్యి చాపాడు. ఇచ్చాను. వాసన చూశాడు.

"పాలు," అన్నాను. "నీళ్లల్ల కలిపి చక్కెరేసిన. మందు పొద్దుగాలనే మోరీల పారబోసిన."

చాలాసేపు సీసానే చూస్తూ నడిచాడు. బావ కొట్టి పారేసింది చెంచెడు పాలను.

"రేపు ఖాతాకు పోను," అన్నాడు చివరికి. "పెద్దాసుపత్రిల ఓపీ పొద్దుగాల ఎన్నిటికి తెరుస్తరు?"

మర్నాడు డాక్టరమ్మ ముందు అతనే మాట్లాడాడు. ఇంట్లో మిగిలిన సీసాలు బల్ల మీద పెట్టాడు. పసరు సంగతి చెప్పాడు. ఏది ముందు, ఏది తర్వాత, ఎప్పుడు తగ్గింది, ఎప్పుడు తిరగబెట్టింది, అంతా చెప్పాడు. మా అత్త వెనక నుంచి చొక్కా లాగుతూనే ఉంది. చొక్కా సాగింది కానీ మనిషి ఆగలేదు.

డాక్టరమ్మ మెచ్చుకోలేదు. ఆమె కోపంతో కాసేపు పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి చేసింది.

"ఇది అమోక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన యాంటీబయాటిక్. మంచి మందే. అవసరమైన పిల్లల ప్రాణాలు కాపాడుతుంది. ఎక్కడో ఒకరికి మాత్రం ఇట్లా లివర్ గొట్టాలను దెబ్బతీస్తుంది. మందు ఆపేసిన కొన్ని వారాలకు కూడా బయటపడొచ్చు. రెండోసారి ఇస్తే ఇంకా తొందరగా, ఇంకా గట్టిగా. జలుబు దగ్గుకు ఇదెవరు ఇచ్చారు?"

"మా బావ," అన్నాడు పరుశురాం. "డాక్టర్ కాదు."

మా ఇంట్లో ఆ మాట పైకి అనడం నేను వినడం అదే మొదటిసారి.

"పసరు కూడా ఇక బంద్. అందులో ఏముందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. సూది ఇప్పుడే వద్దు. ఆగి చూద్దాం. నెత్తురు పరీక్షలకు తప్పకుండా రావాలి. ఈ మందు జన్మలో మళ్లీ పొయ్యొద్దు, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఇదే చెప్పాలి." దురద తగ్గడానికి మందు రాసింది, విటమిన్లు రాసింది. ఆఖర్న అడిగింది. "దొడ్డికి ఏ రంగులో పోతోంది?"

"తెల్లగా. సుద్దలా," అన్నాను.

"పైత్యరసం దిగడం లేదు కాబట్టి. ఆ రంగు తిరిగొస్తే దారి తెరుచుకున్నట్టు. అది చూస్తూ ఉండండి."

"తగ్గుతుంది గద మేడం?" అన్నాడు పరుశురాం.

"చాలామందికి తగ్గుతుంది. నెలలు పడుతుంది. కొందరికి తగ్గదు. తెలిశాక చెప్తాను."

ఆ తర్వాత జరిగినవి గల్లీకి తెలిసినవే. ఆసుపత్రిలో అన్న మాట గల్లీకి పాకాక, బావ మీద బురద చల్లామని సమాజం వాళ్లు మమ్మల్ని పిలవడం మానేశారు. నీరజ వదినె రావడం మానేసింది. ఆమె మీద నాకు కోపం లేదు, కోపానికి కూడా మనిషి కొంచెం గట్టిగా ఉండాలి. మా అత్త నాతో మాట్లాడటం మానేసింది. అది మాత్రం ఎవరికీ చెప్పుకోలేని సుఖం. ఆ కోపంలోనే, రోజూ పొద్దున హారతిని మోరీ దగ్గర కూర్చోబెట్టే పని మాత్రం తనే తీసుకుంది. చూసి, నీళ్లు పోసి, ఏమీ చెప్పకుండా లోపలికి వచ్చేది. చెప్పకపోతే తెల్లగా ఉన్నట్టు.

శ్యాంసుందర్ గెలిచాడు. ఎదుట నిలబడినవాడికి వాళ్ల ఇంటి ఓట్లు కూడా పూర్తిగా పడలేదట. బతుకమ్మ రోజులు మొదలవుతున్నాయనగా ఊరేగింపు తీశారు. పొద్దున్నే డప్పులు, డీజే, గులాల్. ఓపెన్ జీపు మా గల్లీలోకి తిరిగింది. ఇల్లిల్లూ తలుపులు తెరుచుకుని బయటికి వచ్చింది.

"సంధ్యా!"

మా అత్త గొంతు. మూడు వారాలుగా నా పేరు పలకని గొంతు. వెనక వైపు, మోరీ దగ్గర నుంచి. నేను పోగులు కత్తిరిస్తున్న చీర పక్కన పడేసి పరిగెత్తాను. నా వెనక పరుశురాం, సగం గడ్డం నురగతో.

"సూడుండ్రి," అంది నర్సవ్వ. "జర మంచిగ సూడుండ్రి. నా కండ్లకే గట్ల కొడుతుందా?"

ముగ్గురం వంగాం. సందేహం లేదు. పసుపు కలిసిన గోధుమ రంగు.

"నేను లేస్త," అంది హారతి.

"జరసేపు కూసో బిడ్డా," అన్నాడు పరుశురాం. "ఇంకొంచెం కూసో."

గల్లీ చివరన ఎవరో జేజేలు కొడుతున్నారు. డప్పులు మా గుమ్మం దాకా వచ్చి, కాసేపు ఆగి, మా తలుపు తెరుచుకోకపోతే ముందుకు వెళ్లిపోయాయి. మేం ఇంకా వంగే ఉన్నాం.